గడియ లేక పోయిన బ్లాక్ బెల్టు

"గట్టిగా అరవండమ్మా!" అన్నారు మాస్టారు.

నాకు నోరు రాలేదు.

నవ్వకండి. నలభై నాలుగేళ్ళ వయసులో తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని, నడుముకి తెల్ల బెల్టు చుట్టుకుని, పది పన్నెండేళ్ళ పిల్లల వెనక వరసలో నిలబడ్డాను. గుద్దు విసురుతూ గొంతెత్తి అరవాలి. ఆ అరుపుని కొరియా భాషలో కిహాప్ అంటారు. పిల్లలంతా ఒక్కసారి అరిచేసరికి హాలు దద్దరిల్లింది. నా చెయ్యయితే ముందుకెళ్ళింది గానీ గొంతు మాత్రం పెగల్లేదు.

ఇంటికొచ్చి వంట చేస్తూ అదే ఆలోచించాను. పిల్లల మీద రోజూ కేకలేస్తాను. కూరలబండి దగ్గర బేరమాడేటప్పుడు నా గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుందని మావారు వేళాకోళం చేస్తారు. మరి అక్కడెందుకు రాలేదు? అక్కడ అరవాల్సింది ఎవరి మీదా కాదు, నా కోసం నేను అరవాలి. అది నాకెవరూ నేర్పలేదు. "ఆడపిల్లవి, గొంతు తగ్గించు" అన్న మాట మాత్రం ఊహ తెలిసినప్పటినించీ వింటూనే ఉన్నాను. మీరూ వినే ఉంటారు.

మాది తణుకు. ఓ కల్యాణమండపం పై అంతస్తులో తైక్వాండో క్లబ్బు నడుస్తుంది. ముహూర్తాలున్న రోజుల్లో పెళ్ళివాళ్ళొస్తారు కాబట్టి మ్యాట్లు చుట్టేసి స్కూలు గ్రౌండుకి పోవాల్సిందే. ఊళ్ళో అందరూ దాన్ని 'కరాటే క్లాసు' అనే అంటారు. నేనూ అలాగే అనేదాన్ని. కరాటే జపాన్ విద్య, ఇది కొరియా వాళ్ళది. 1945లో జపాన్ పాలన పోయాక సియోల్‌లో పుట్టుకొచ్చిన రకరకాల శిక్షణశాలల్లోంచి ఇది రూపుదిద్దుకుంది. ఆ గురువుల్లో కొందరు జపాన్‌లో కరాటే నేర్చుకున్నవాళ్ళే. తైక్వాండో అన్న పేరు 1955లో పెట్టారు. 'తై' అంటే కాలు, 'క్వాన్' అంటే పిడికిలి, 'దో' అంటే మార్గం. సియోల్ ఒలింపిక్స్‌లో, 1988లో, దీన్ని ప్రదర్శన క్రీడగా ఆడించారు. 2000లో సిడ్నీలో పూర్తిస్థాయి పతకాల క్రీడయింది. అప్పుడే మగవాళ్ళకి నాలుగు విభాగాలు పెడితే ఆడవాళ్ళకీ నాలుగు పెట్టారు. మన ఊళ్ళలో పూర్వం తాలింఖానాలుండేవి, కుస్తీ గోదాలుండేవి. మన అమ్మమ్మల్లో ఎంతమంది వాటి గడప తొక్కారు చెప్పండి?

మొదట్లో నేను చిన్నదాన్ని దింపి, మెట్ల మీద కూర్చుని, గంటన్నర ఎదురుచూసే అమ్మల్లో ఒకదాన్ని. అలా కూర్చుని కూర్చుని అక్కడి పద్ధతంతా బాగా గమనించాను. లోపలికొచ్చేటప్పుడు చెప్పులు వరసగా విడిచి, తల వంచి నమస్కరించాలి. క్లాసుకి ముందు మ్యాట్లు తుడవాలి. ఈ వారం ఎవరి వంతయితే వాళ్ళే తుడవాలి, డాక్టరుగారి అబ్బాయయినా సరే. మా ఇంట్లో తిన్న కంచం తియ్యని మా తమ్ముడి కొడుకు అక్కడ చీపురు పట్టుకోవడం నేను కళ్ళారా చూశాను.

వరసలో నిలబడటం కూడా డబ్బుని బట్టీ కాదు, వయసుని బట్టీ కాదు, ఆడా మగా తేడాని బట్టీ కాదు. బెల్టుని బట్టి. తెలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, చివర నలుపు. నాకు బెల్టు ముడి వెయ్యడం నేర్పింది పదకొండేళ్ళ నీలం బెల్టు పిల్ల. మూడుసార్లు తప్పుగా కడితే మూడుసార్లూ విప్పించింది. "రెండు కొసలూ సమానంగా రావాలాంటీ" అంది. నేను ఆ పిల్లకి వంగి నమస్కారం పెట్టాను. ఆ పిల్ల నాకు పెట్టింది. ఇంట్లో పెద్దలకి దణ్ణాలు పెడతాం. చిన్నవాళ్ళకి ఎదురు నమస్కారం పెట్టడం నాకదే మొదలు. ఇద్దరు కలిసి కిక్కులు ప్రాక్టీసు చేసే ముందూ, చేసిన తరవాతా ఆ నమస్కారం ఉంటుంది. నిన్ను తన్నబోతున్నాను గానీ నువ్వంటే నాకు గౌరవమే అని దానర్థం. ఎన్ని కాపురాల్లో ఆ మర్యాద ఉంది?

హాలు మూల ఓ పాత బీరువా ఉంది. పిల్లలకి కురచైపోయిన డ్రస్సులు ఉతికి అందులో పెడతారు. ఎవరికి సరిపోతే వాళ్ళు తీసుకోవచ్చు. మా చిన్నదాని మొదటి డ్రస్సు ఓ ఆటో డ్రైవరుగారి అమ్మాయిది. "ఎవరిదో తెచ్చి వేస్తావా" అని మా అత్తగారు ముఖం చిట్లించారు. ఆ ఆటో డ్రైవరుగారమ్మాయి ఎర్ర బెల్టు. మా పిల్లకి 'తేగక్' ఒకటో అభ్యాసం, అంటే వరసక్రమంలో చేసే అడుగులూ దెబ్బలూ నేర్పింది ఆ అమ్మాయే. అలాంటివి ఎనిమిది నేర్చుకోవాలి. ఆదివారం క్లాసయ్యాక అందరూ గుండ్రంగా కూర్చుని ఇంటినించి తెచ్చుకున్నవి పంచుకుంటారు. "హనా, దుల్, సెత్, నెత్" అని కొరియా భాషలో లెక్కపెడుతూ ఇడ్లీలు పంచే పిల్లల్ని అక్కడే చూడాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆడపిల్లకి తైక్వాండో ఎందుకంటే మనం ఒక్కటే జవాబు చెబుతాం, 'ఆత్మరక్షణకి' అని. 2012 డిసెంబరులో ఢిల్లీలో ఘోరం జరిగాక, 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర మరో ఘోరం జరిగాక చాలాచోట్ల పది రోజుల ఆత్మరక్షణ క్యాంపులు పెట్టారు. ఫొటోలు దిగారు. సర్టిఫికెట్లిచ్చారు. ఆ క్యాంపులు వద్దని నేననను. కానీ పది రోజుల్లో ఏం వస్తుంది? మా మాస్టారే చెబుతారు, "కత్తి చూస్తే పరిగెత్తండి, అరవండి, జనంలోకి పొండి. సినిమాలో లాగా ఎగిరి తన్నకండి" అని. ఒలింపిక్ పద్ధతి పోటీలో మొహం మీద గుద్దడం నిషేధం, ఛాతీకి తొడుగు, తలకి హెల్మెట్, పక్కన రిఫరీ ఉంటారు. వీధిలో అవేవీ ఉండవు.

అంతకన్నా ప్రమాదం ఇంకొకటుంది. నేర్పించేశాం కాబట్టి ఇక రక్షణ దాని బాధ్యతే అనుకుంటాం. రేపు ఏదైనా జరగరానిది జరిగితే "నేర్చుకున్నావుగా, ఎందుకు తన్నలేదు?" అని దాన్నే అడుగుతాం. వేధించేవాణ్ణి వదిలేసి, వేధింపులకి గురైన పిల్లకి పరీక్ష పెట్టడమే ఇది. ఆడపిల్లని తైక్వాండోకి పంపండి గానీ దాన్ని కాపలా కుక్కలా తయారుచెయ్యడానికి పంపకండి.

మరెందుకు పంపాలి? ఆడపిల్లకి ఇల్లూ, బడీ కాక తనదంటూ ఓ చోటు కావాలి కాబట్టి. మగపిల్లలకి గ్రౌండుంది, వంతెన గట్టుంది, టీ కొట్టుంది. మన పిల్లలకి ఏముంది? ట్యూషన్. క్లబ్బులో పిల్ల పడుతుంది, లేస్తుంది, ఓడుతుంది, మర్నాడు మళ్ళీ వస్తుంది. దాని ఒంటిని ఎలా ఉందో చూసుకోవడం కాక, అది ఏం చెయ్యగలదో చూసుకోవడం నేర్చుకుంటుంది. మా చిన్నది ఒకప్పుడు అద్దం ముందు నిలబడి "నా కాళ్ళు లావుగా ఉన్నాయా" అనేది. ఇప్పుడు అదే కాళ్ళు చూపించి "పక్క కిక్కు ఎంత ఎత్తు వెళ్తోందో చూడు" అంటోంది. ఈ ఒక్క మార్పుకి నెలనెలా కట్టే ఫీజు చెల్లిపోయిందనుకున్నాను.

ఇక్కడ నా తప్పు నేను చెప్పుకోవాలి.

మా పెద్దది కూడా అదే హాల్లో నేర్చుకుంది. తొమ్మిదేళ్ళప్పుడు చేర్చాం. దాంతోపాటు అదే రోజు చేరిన అబ్బాయి ఒకడున్నాడు. ఇద్దరూ పోటాపోటీగా నీలం బెల్టు దాకా వచ్చారు. పదమూడో ఏట అది పెద్దమనిషయింది. చుట్టాలొచ్చారు. మా పిన్ని "ఇంకా ఆ గెంతులేంటే, ఏదైనా అయితే రేపు పెళ్ళెలా అవుతుంది" అంది. అత్తగారు తల ఊపారు. వాళ్ళనని ఏం లాభం? మాన్పించింది నేను. "పరీక్షలయ్యాక చూద్దాంలే" అన్నాను. ఆ పరీక్షలు ఇప్పటికీ అవలేదు. టెన్త్ అయింది, ఇంటరయింది, ఇప్పుడు విశాఖపట్నంలో ఇంజనీరింగు హాస్టల్లో ఉంది.

దాంతో చేరిన ఆ అబ్బాయి ఇప్పుడు బ్లాక్ బెల్టులో రెండో స్థాయి. మాస్టారికి సాయంగా చిన్నపిల్లలకి నేర్పుతున్నాడు. నేను చేరిన మొదటిరోజే నన్ను గుర్తుపట్టి "తను బాగుందా ఆంటీ? నాకంటే తనే బాగా తన్నేది" అన్నాడు. వాడు మంచితనంతోనే అన్నాడు. నాకు మాత్రం గుండెల్లో కలుక్కుమంది.

ఆ రాత్రి పెద్దదానికి ఫోను చేసి నేను చేరానని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత "నన్నెందుకు మాన్పించావమ్మా?" అంది.

చదువనీ, చుట్టాలనీ ఏదో చెప్పబోయాను. అది వినలేదు. "నేనూ భయపడ్డాలే. తెల్ల ప్యాంటు కదా. అక్కడ బాత్రూముకి గడియ లేదు. ఎవరితో చెప్పాలో తెలియలేదు. నువ్వు మానెయ్యమనగానే హమ్మయ్య అనుకున్నాను. నెల తరవాత ఏడుపొచ్చింది. అప్పటికి మళ్ళీ వెళ్తానని అడగడానికి మొహం చెల్లలేదు" అంది.

ఏడేళ్ళు. ఏడేళ్ళుగా నా పిల్ల ఆ మాట కడుపులో దాచుకుంది. వంద రూపాయల గడియ లేక అది వెనక్కొచ్చేసింది. ఆ సంగతి కనుక్కోవాల్సిన తల్లిని నేను మెట్ల దాకా వెళ్ళాను గానీ ఒక్కసారైనా ఆ బాత్రూము తలుపు తీసి చూడలేదు.

అప్పట్నించీ కళ్ళు తెరుచుకుని చూస్తున్నాను. ఎనిమిదీ పదేళ్ళ వరసలో ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా ఉంటారు. పధ్నాలుగు దాటిన వరసలో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. వాళ్ళ కాళ్ళలో బలం తగ్గి కాదండీ. మన ధైర్యం తగ్గి.

నేనూ, మరో ముగ్గురు అమ్మలూ కలిసి మాస్టారితో మాట్లాడాం. ఆయన నొచ్చుకున్నారు. "ఇన్నేళ్ళుగా నాకెవరూ చెప్పలేదమ్మా" అన్నారు. ఆయనకి తట్టలేదు, మనం చెప్పలేదు. మండపంవాళ్ళనడిగి గడియ పెట్టించాం. మూతున్న చెత్తబుట్ట పెట్టాం. అట్టపెట్టెలో నాప్‌కిన్ల ప్యాకెట్టుంచాం. ప్యాంటు లోపల నల్ల షార్టు వేసుకోమని పెద్దపిల్లలచేతే చిన్నపిల్లలకి చెప్పించాం. ఒంట్లో బాగాలేదంటే ఆ రోజు ఎవరూ కారణం అడగకూడదని ఒక మాట అనుకున్నాం. అంతే. దీనికి ప్రభుత్వ పథకమేమీ అక్కర్లేకపోయింది.

క్లబ్బులన్నీ మంచివేనని నేననను. ఏడాదిలో బ్లాక్ బెల్టు ఇస్తామనేవాళ్ళున్నారు. నమ్మకండి. ఒకటో స్థాయి నించి రెండో స్థాయికి వెళ్ళడానికే కనీసం ఏడాది ఆగాలన్నది సియోల్‌లోని కుక్కివాన్ నియమం. 1972లో కట్టిన ఆ కుక్కివానే ప్రపంచమంతటికీ ఆ స్థాయి సర్టిఫికెట్లిచ్చే కేంద్రం. పదిహేనేళ్ళు నిండని పిల్లలకి నలుపు బెల్టు బదులు ఎరుపూ నలుపూ కలిసిన 'పూమ్' బెల్టు ఇస్తారు. ఇంకో సంగతి, తైక్వాండోకి ప్రపంచంలో రెండు పెద్ద సంస్థలున్నాయి. 1966లో పుట్టిన ఐటీఎఫ్ ఒకటి. 1973లో పుట్టి ఇప్పుడు వరల్డ్ తైక్వాండో అని పిలవబడేది రెండోది. ఒలింపిక్స్‌లో ఉన్నది ఈ రెండోదే. రెండింటి అభ్యాసాలూ, పోటీ పద్ధతులూ వేరు. చేర్చే ముందే మీ క్లబ్బు ఏ పద్ధతో, సర్టిఫికెట్టు ఎక్కణ్ణించి వస్తుందో, బెల్టు పరీక్షకి ఎంతవుతుందో అడగండి. అడగడం తప్పు కాదు.

అంతకన్నా ముఖ్యం, తలుపు తీసి ఉంటుందా, అమ్మానాన్నలు ఎప్పుడైనా లోపలికొచ్చి కూర్చోవచ్చా అని చూడండి. మా మాస్టారు ఆడపిల్లల కాలు సరిచెయ్యాలంటే చేతిలో ప్యాడ్ అడ్డంపెట్టి చూపిస్తారు, లేదంటే సీనియరు అమ్మాయిని పిలుస్తారు. పోటీలకి ఊరెళ్తే ఓ అమ్మ తోడు వెళ్తుంది. ఇలాంటి పద్ధతులు లేనిచోట పెట్టమనండి. పెట్టమంటే చిరాకు పడే చోట పిల్లని ఉంచకండి.

"దెబ్బలు తగలవా?" అంటారు. తగులుతాయి. మోకాలు వాస్తుంది, వేలు బెణుకుతుంది. నా ముంజేతి మీద ఇప్పుడూ ఓ నీలం మచ్చుంది. సైకిల్ నేర్చుకున్నప్పుడు తగల్లేదా? "చదువు పాడవదా?" అంటారు. వారానికి నాలుగు రోజులు, రోజుకి గంటన్నర. టీవీ ముందూ ఫోను ముందూ పోయే టైము కంటే తక్కువే. "పెళ్ళి?" అంటారు. పిల్ల గట్టిగా కిహాప్ అరిచిందని వద్దనుకునే సంబంధం మనకి మాత్రం ఎందుకు చెప్పండి?

మనకన్నా ఎన్నో రెట్లు కట్టుబాట్లున్నచోట ఆడపిల్లలు ఈ విద్య పట్టుకుని నిలబడ్డారు. 2016లో రియో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఇరాన్‌కి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళయింది కిమియా అలీజాదే. ఆమె గెలిచింది తైక్వాండోలోనే. అఫ్గానిస్తాన్ అమ్మాయి జకియా ఖుదాదాదీ 2021లో తాలిబన్లు కాబూల్‌ని పట్టుకున్నాక దేశం దాటి టోక్యో పారాలింపిక్స్‌లో ఆడింది. 2024లో పారిస్‌లో శరణార్థుల జట్టు తరఫున కాంస్యం గెలిచింది. ఆ జట్టుకి అదే మొదటి పతకం. ఆ టోక్యోకే మన దేశం నించి తైక్వాండోలో వెళ్ళింది హర్యానా అమ్మాయి అరుణా తన్వర్. మన పిల్లలందరూ పతకాలు తేవాలని కాదు. వీళ్ళందరి వెనకా పదమూడో ఏట 'ఇక చాల్లే' అనని ఒక ఇల్లో, ఒక మనిషో ఉండే ఉంటారని నా నమ్మకం.

పోయిన నెల మా చిన్నది పెద్దమనిషయింది. మళ్ళీ అదే పిన్ని, అదే మాట. ఈసారి నేను వాదించలేదు. వారం రోజులాగి, పైవారం బ్యాగు సర్దుతుంటే అత్తగారు "మళ్ళీ దాన్నక్కడికి తీసుకెళ్తున్నావా?" అన్నారు. "లేదత్తయ్యా, అదే నన్ను తీసుకెళ్తోంది" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. సాయంత్రం మేమొచ్చేసరికి దండెం మీద ఆరిన తెల్ల డ్రస్సులు తీసి మడతపెట్టి ఉన్నాయి.

దసరా సెలవులకి పెద్దదొచ్చింది. ఆదివారం మాతో హాలుకొచ్చి ఓ మూల కూర్చుంది. బీరువాలో వెతికి మాస్టారు నీలం బెల్టు తెచ్చి దాని ముందు పెట్టారు. కట్టుకోలేదు. చేతుల్లో పట్టుకుని అలాగే కూర్చుంది. కట్టుకోమని నేనడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. విశాఖ వెళ్ళేటప్పుడు మాత్రం దాన్ని బ్యాగులో పెట్టుకుంది.

నా గొంతు సంగతి అడుగుతారేమో. రెండు నెలలకి వచ్చింది. మొదటిసారి వచ్చిన అరుపుకి నేనే ఉలిక్కిపడ్డాను. పక్క వరసలో పిల్లలు చప్పట్లు కొట్టారు.

మీ అమ్మాయి ఆటకో, ఈతకో, తైక్వాండోకో వెళ్తుంటే ఒక్క పని చెయ్యండి. ఈ వారం మీరూ వెళ్ళండి. ఆ బాత్రూము తలుపు వేసి, లోపల గడియ పడుతుందో లేదో చూడండి. తరవాత దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, నీకేమైనా ఇబ్బందిగా ఉందా అని అడగండి. మాన్పించాలని మీకనిపించిన రోజున, అదే ప్రశ్న మీ అబ్బాయి విషయంలో మీకొచ్చేదా అని ఒక్కసారి మిమ్మల్ని మీరు అడుక్కోండి. నేను అడుక్కోలేదు. ఏడేళ్ళ తరవాత నా కూతురు అడిగింది.